చక్ర జీర్ణోద్ధారము



దేవాలయము శిథిలమైనప్పుడు దానిని పడగొట్టి క్రొత్తది కట్టుట మన పెద్దల పద్ధతి కాదు. సడలిన రాతిని సరిచేసి, విరిగిన దూలమును మార్చి, ఉన్న గుడినే నిలువబెట్టుదురు. దానికి జీర్ణోద్ధారమని పేరు. ఆ మాట గుడులకే కాక ఇంటి పనిముట్లకును చెల్లునని చెప్పుట ఈనాటి నా ప్రసంగోద్దేశము. దానికి చక్రమును ఉదాహరణముగ తీసికొందును. చక్రమును కనిపెట్టిన కథను అందరును చెప్పుదురు. అరిగిన చక్రమును బాగుచేసిన కథను చెప్పువారు అరుదు. మొదటి కథ ఒక్కనాటిది. రెండవది ఐదువేల యేండ్లుగా సాగుచున్నది.

ఈ విషయము నా మనస్సున పడుటకు కారణము ఒక గడ్డి కోయు యంత్రము. రెండేండ్ల క్రిందట అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమున మా అబ్బాయి ఇంట నాలుగు నెలలుంటిని. అచ్చట ఇండ్ల ముందర పచ్చికబయళ్ళు పెంచుదురు. అవి పశువుల మేతకు కాదు. కంటి విందునకు మాత్రమే. గడ్డి మిక్కిలి పెరిగినచో ఇరుగుపొరుగువారు ఆక్షేపింతురు. కావున వారమునకో పది దినములకో యొకమారు యంత్రముతో కోయుదురు. గడ్డికై వేసవిలో మన ఆవులు పడు పాట్లు ఎరిగినవాడను గనుక, కోసిన పచ్చగడ్డిని సంచులకెత్తి పారవేయుట చూచి నాకు తొలుత నవ్వును, పిదప జాలియు కలిగినవి.

ఆ యంత్రమునకు నాలుగు చిన్న చక్రములు. ముందరి చక్రములు రెండును అరిగి వంకరగా దొర్లుచుండుటచే గడ్డి ఒకచోట పొట్టిగను మరియొకచోట పొడవుగను తెగుచుండెను. మా అబ్బాయి అంగడికి పోయి అడుగగా, ఆ నమూనాకు చక్రములు చేయుట మానివేసిరి, క్రొత్త యంత్రమునే కొనుడని చెప్పిరట. ఇంజను దివ్యముగ నున్నది, కత్తి పదునుగ నున్నది. రెండు చక్రముల కొరకు సర్వమును చెత్తకుప్పకు పంపవలసివచ్చినది. నేనొక చక్రమును ఊడదీసి చేత పట్టుకొని చూచితిని. నడుమ రంధ్రము విశాలమై ఇరుసున కది వదులైనది. అంచు అరిగి నున్నబడినది. ఈ రోగమును నేనిదివరకు చూచియుంటిని. నా బాల్యమున మా యింటి ఎడ్లబండి చక్రమునకు వచ్చినదియు ఇదియే. ఆ రోగమునకు మందు తెలిసిన వైద్యులు ఆ దినములలో ప్రతి యూరను ఉండిరి.

చక్రమునకు జీర్ణత మూడు చోట్ల కలుగును. నేలను తాకు అంచు మొదటిది. ఇరుసు దూరు రంధ్రము రెండవది. భాగములు ఒండొంటితో కలియు అతుకులు మూడవది. ఈ మూడు చోట్లను మనుష్యుడు ఎట్లు కాపాడుకొనుచు వచ్చెనో చూచితిమేని చక్రచరిత్రమంతయు తెలియును.

ఇంతవరకు లభించిన కొయ్యచక్రములలో మిక్కిలి ప్రాచీనమైనది ఐరోపాలోని స్లొవీనియా దేశమున లుబ్లియానా నగరసమీపపు బురదనేలలో 2002వ సంవత్సరమున దొరకినది. దాని వయస్సు ఇంచుమించు 5,150 సంవత్సరములని నిర్ణయించిరి. అది ఒక చెట్టు మొద్దును అడ్డముగ కోసిన బిళ్ళ కాదు. రెండు పలకలను ప్రక్కప్రక్కన చేర్చి, అడ్డుబద్దలను దూర్చి బిగించినది. పలక లొక జాతి కొయ్య, బద్దలు మరియొక జాతి కొయ్య. నడుమ రంధ్రము గుండ్రముగ గాక చదరముగ నున్నది. అనగా చక్రమును ఇరుసును ఒక్కటిగా బిగిసి కలిసి తిరుగుచుండెడివి. అంత ప్రాచీనకాలముననే చక్రము ఏకఖండము గాక భాగముల కూర్పుగ నుండుట గమనింపదగినది. కూర్చినదానిని విప్పవచ్చును, విప్పినదానిని బాగుచేయవచ్చును.

మన దేశమున హరప్పా నాగరికతనాటి మట్టిబొమ్మల బండ్లు అనేకములు దొరకినవి. వాని చక్రములకు ఆకులు లేవు. అవి పళ్ళెములవలె నిండైనవి. ఉత్తరప్రదేశమున బాగ్‌పత్ జిల్లాలోని సినౌలి గ్రామమున 2018లో పురావస్తుశాఖవారు త్రవ్వగా, సమాధులలో సుమారు నాలుగువేల యేండ్లనాటి వాహనములు బయల్పడినవి. వాని చక్రములును నిండుపలకలే. పైన రాగితునకలు తాపడము చేయబడినవి. ఇంచుమించు ఆ కాలముననే ఉరల్ పర్వతములకు తూర్పున సింతష్తా అను చోట ఆకులుగల చక్రముల జాడలు సమాధులలో కనబడుచున్నవి. నిండుచక్రము బరువు, ఆకులచక్రము తేలిక. గుఱ్ఱమునకు పరుగు నిచ్చినది ఆకులచక్రమే.

వైదిక వాఙ్మయమున ఈ చక్రమునకు సంబంధించిన పేర్లన్నియు కలవు. నడుమనుండు దుంగ నాభి. దానినుండి వెడలునవి అరములు, మనము ఆకులందుము. అంచు నేమి. నేమికి పైన వేయు లోహపు కట్టు పవి. ఇరుసు అక్షము. చక్రము ఊడిపోకుండ ఇరుసు కొనను గ్రుచ్చు చీల ఆణి. మన కడచీల అదియే. అంచునకు లోహపు కట్టు అవసరమని ఆనాడే తెలిసినదనుటకు పవి యను మాటయే సాక్ష్యము. కొయ్యను నేల తినును గాన, నేలకు కొయ్య నీయక లోహము నిచ్చిరి. లోహము అరిగిన పిదప దానిని మాత్రము మార్చుకొనవచ్చును, కొయ్య చెడదు. అరుగుదలను మార్చుకొనదగిన భాగము మీదికి మళ్ళించుట మరమ్మతు శాస్త్రమున మొదటి సూత్రము.

ఈ పని చేసినవానికి ఆనాడు గౌరవ మెట్టిదో మీమాంసాశాస్త్రమువలన తెలియును. అందు రథకారాధికరణమని యొక విచారణ కలదు. వర్షర్తువున రథకారుడు అగ్న్యాధానము చేయవలెనని వేదమున విధి యున్నది. అచ్చట రథకారుడనగా రథము చేయు ప్రతివాడునా, లేక ఆ పేరుగల జాతివాడా యని ప్రశ్న. ఆ జాతివాడే యని సిద్ధాంతము చేసిరి. త్రైవర్ణికులలో చేరనివానికిని, అతని పేరెత్తి, ఒక ఋతువు నేర్పరచి, అగ్నిని ఒసంగిరన్నమాట. గురువుగారి యొద్ద ఆ భాగమును చదివిననాడు నాకు అందు తర్కము మాత్రమే కనబడినది. చక్రము చేత పట్టుకొన్ననాడు దానియందు మనుష్యుడును కనబడెను.

ఇక మన బండిచక్రమునకు వత్తము. నడుమ నాభి, దాని చుట్టును పండ్రెండు ఆకులు, అంచున ఆరు పూటీలు, పూటీల పైన ఇనుప పట్టా. ఒక్కొక్క పూటీ రెండేసి ఆకులను పట్టుకొనును. సీమను బట్టి పేర్లును సంఖ్యలును మారవచ్చును గాని కూర్పు ఒక్కటే. నల్లతుమ్మ కొయ్య గట్టిది గాన చక్రమునకు మన ప్రాంతమున దానినే మిక్కిలిగ వాడిరి. ఒక ఆకు విరిగిన ఆ ఆకును, ఒక పూటీ పగిలిన ఆ పూటీని మార్చుదురు. పట్టా అరిగిన క్రొత్త పట్టా వేయుదురు. నాభి అన్నిటికంటె దీర్ఘాయువు. నాభి పగులకుండ దాని రెండు కొనలను, రోకలికి వేసినట్లు, ఇనుప పొన్నులు తొడుగుదురు. ఇరుసు ఒరయు రంధ్రము లోపల ఇనుప గొట్టమును దిగగొట్టుదురు. గొట్టము అరిగిన గొట్టమును మార్చుదురు, నాభికి దెబ్బలేదు.

ఇనుప పట్టా వేయుట పెద్ద ఉత్సవము. నా బాల్యమున అది జరిగిననాడు బడిపిల్లలము పలకలు వదలి పరుగెత్తితిమి. కమ్మరి చక్రపు చుట్టుకొలతను తీసి, దానికంటె కొంచెము తక్కువగ పట్టాను వంచి అతుకును. పిడకలను వలయముగ పేర్చి, వాని నడుమ పట్టా నుంచి నిప్పు పెట్టుదురు. ఎఱ్ఱబారిన పట్టాను నలుగురు పట్టకార్లతో ఎత్తి చక్రముమీద దింపుదురు. కొయ్య భగ్గుమని అంటుకొనును. వెంటనే కుండలతో నీరు గ్రుమ్మరింతురు. ఆవిరి ఆకాశమున కెగయును. అప్పుడు చక్రమునుండి ఎముకలు విరిచినట్లు చప్పుళ్ళు వచ్చును. పిల్లలము చక్రము విరిగినదని భయపడితిమి. అది విరుగుట కాదు. పన్నెండు ఆకులును ఆరు పూటీలును ఒక్కమారుగ బిగిసిన శబ్దము.

దీనియందలి లెక్క సులభమైనది. డిగ్రీ వేడికి ఇనుము తన పొడవులో పదిలక్షలకు పండ్రెండు వంతుల చొప్పున పెరుగును. పట్టా చుట్టుకొలత పదునైదు అడుగులు, అనగా 180 అంగుళములనుకొందము. వేడి 500 డిగ్రీలు హెచ్చినచో పట్టా ఇంచుమించు ఒక అంగుళము పెరుగును. చల్లారినప్పుడు ఆ అంగుళము తిరిగి తగ్గవలెను. తగ్గుటకు చోటు లేదు గాన చక్రమును పిండును. అక్షరము రాని కమ్మరి ఈ లెక్కను చేతితోనే చేయుచుండెను. వేసవిలో కొయ్య ఎండి పట్టా వదులైనప్పుడు చక్రములను చెరువునీట నానవేయుట మీరందరును చూచినదే. కొయ్య ఉబ్బి పట్టాను పట్టుకొనును. అది తాత్కాలికపు మందు. రోగము ముదిరినచో పట్టాను కోసి, కొంచెము తగ్గించి, మరల అతికి వేయవలెను.

రంధ్రమునకు మందు కందెన. కందెన వేయని బండికి కావలసినంత సంగీతమని సామెత. ఆ సంగీతము కొయ్యను ఇనుము తిను చప్పుడే. ఇసుక చేరిన కందెన మందు గాక విషమగును. పాతదానిని తుడిచి క్రొత్తది వేయవలెను. ఒక చిత్రము గలదు. తిరుగని ఇరుసుపై తిరుగు చక్రమున బరువు ఇరుసు అడుగుప్రక్కనే ఒత్తును. కనుక ఇరుసు అడుగున మాత్రము అరుగును. చక్రపు రంధ్రమన్ననో తిరుగుచుండుటవలన చుట్టును సమముగ అరిగి పెద్దదగును. ఇట్టి ఇరుసును సగము త్రిప్పి బిగించినచో అరుగని ప్రక్క క్రిందికి వచ్చి మరికొంతకాలము పని చేయును.

హంపిలో విఠ్ఠలాలయపు రాతిరథమును చూచినవారు మీలో కొందరుందురు. దాని రాతిచక్రములు ఒకప్పుడు తిరుగుచుండెడివి. చూడవచ్చినవారు త్రిప్పి త్రిప్పి అరుగగొట్టుదురని వానిని తిరుగకుండ బిగించివేసిరి. తిరుగుట చక్రధర్మము, అరుగుట దాని ఫలము. రాయికిని తప్పలేదు, కొయ్యకును తప్పలేదు.

మరమ్మతు చేయువానికి జీవనమెట్లు? విజయనగరపు నాటి గ్రామములలో పన్నిద్దరు ఆయగాండ్రుండిరి. వారిలో వడ్రంగియు కమ్మరియు చేరియుండిరి. వారికి మాన్యపుభూమియు, పంటకాలమున కళ్ళములయందు మేరయు లభించెడివి. నాగలియు కొడవలియు ఏడాది పొడుగున బాగుచేయుట ఆ మేరలో చేరినది. క్రొత్తబండి వంటి పెద్దపనులకు వేరుగ నిచ్చుట వాడుక. దీనియందొక మర్మము కలదు. నాగలి ఒకమారు విరిగినను పదిమారులు విరిగినను వడ్రంగికి వచ్చు గింజలు ఒక్కటే. కావున పని గట్టిగ చేయుటయే అతనికి లాభము. నేటి వర్తకమునందు వస్తువు త్వరగా చెడినకొలది అమ్మువానికి లాభము. ఈ భేదమును గ్రహించినచో మా అబ్బాయికి చక్రములేల దొరకలేదో తెలియును. అయినను ఆ పాతపద్ధతిని బంగారమని పొగడను. కరవువచ్చిననాడు రైతుకు గింజ లేకున్న వడ్రంగికిని లేదు. ఊరు విడిచి పోదమన్న అతనికి స్వేచ్ఛ స్వల్పము. వాని విద్యను వాడుకొని వానిని వాకిట నిలిపిన ఇండ్లును కలవు. మేలును కీడును రెండును చెప్పుట చరిత్రకు ధర్మము.

ఈ శిల్పము మనకే పరిమితము కాదు. ఇంగ్లండులో చక్రమునకు మూడు జాతుల కొయ్యను వాడిరి. నాభికి ఎల్ము, ఆకులకు ఓకు, పూటీలకు యాష్ అను చెట్లు. అచ్చట చాలకాలము పట్టాను ఒక్కటిగ గాక తునకలు తునకలుగ చేసి అంచునకు మేకులతో కొట్టిరి. ఒక తునక అరిగిన ఆ తునకనే మార్చవచ్చును. పిదప నిండుకట్టు ప్రబలెను. సర్రే సీమలోని ఫార్న్‌హామ్ పట్టణమున జార్జి స్టర్ట్ అను నాతడు బడిపంతులై యుండి, తండ్రి మరణింపగా 1884లో చక్రములు చేయు కార్యశాలను వహించెను. తన పనివారికి చేతులలో నున్న విద్య తనకు పుస్తకములలో దొరకలేదని గ్రహించి, ఆ విద్య అంతరింపకముందే 1923లో ఒక గ్రంథము ప్రకటించెను. బడిపంతులు చేయదగిన పనియే ఆతడు చేసెను.

గడ్డి కోయు యంత్రము పుట్టినదియు ఆ ఇంగ్లండులోనే. అంతకుముందు పచ్చికను పొడవైన కొడవళ్ళతో కోయుచుండిరి. గ్లాస్టర్‌షైర్‌లోని స్ట్రౌడ్ ప్రాంతము ఉన్నిబట్టలకు ప్రసిద్ధము. బట్టపై లేచిన నూగును సమముగ కత్తిరించు యంత్రము అచ్చటి మిల్లులలో నుండెను. ఎడ్విన్ బడ్డింగ్ అను యంత్రకారుడు దానిని చూచి, బట్టమీది నూగును కత్తిరించినట్లు నేలమీది గడ్డిని ఏల కత్తిరింపరాదని తలచి, 1830లో పేటెంటు పొందెను. పోత ఇనుపచట్రము, వెనుక నొక దొర్లుడుగుండు, ఆ గుండు తిరిగిన పళ్ళచక్రముల ద్వారా కత్తులును తిరుగును. 1832నుండి ఇప్స్‌విచ్‌లోని రాన్సమ్ వారును అనుమతి పొంది వీనిని చేసిరి. పెద్దయంత్రములను గుఱ్ఱములు లాగెను. డెక్కలగుర్తులు పచ్చికపై పడకుండ వానికి తోలుజోళ్ళు తొడిగిరట. మరలను బిగించి సడలించు సర్దుబాటు స్పానరు నొకదానిని రూపొందించిన కీర్తియు బడ్డింగ్‌దే. యంత్రమును చేసినవాడే దానిని విప్పు సాధనమునుగూడ చేసెను. విప్పుటకు వీలులేని యంత్రము ఆతనికి తోచియుండదు.

పిదప రబ్బరు వచ్చినది. రబ్బరును గంధకముతో వేడిచేసి గట్టిపరచు మార్గమును 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొనెను. గాలిటైరును 1845లో థామ్సన్ అను స్కాట్లండు దేశస్థుడు కనిపెట్టినను అది నిలువలేదు. 1888లో డన్‌లప్ మరల చేయగా లోకమున వ్యాపించెను. మన పల్లెలకు టైరుబండి వచ్చినది. ఎద్దుల మెడకు సుఖమే కలిగినదని ఒప్పుకొనవలెను. టైరుకును మరమ్మతు కలదు. పంచరు వేసి వాడితిమి, పూర్తిగ అరిగిన పిదప చెప్పులు కుట్టించుకొని తొడిగితిమి.

1952లో ఆస్ట్రేలియాలోని సిడ్నీనగరమున మెర్విన్ విక్టర్ రిచర్డ్‌సన్ అను నాతడు తన ఇంటి షెడ్డులో చుట్టును తిరుగు కత్తిగల క్రొత్తరకపు యంత్రమును చేసెను. పాత ఇనుపసామాను, ఒక చిన్న ఇంజను, పిల్లల ఆటబండి చక్రములు, చమురు పోయుటకు పండ్లు నిలువజేయు రేకుడబ్బా. ఇవియే దాని సామగ్రి. విక్టా యను పేరుతో అది ఆ దేశమంతట ప్రసిద్ధి కెక్కెను. పారవేయదగిన వస్తువులనుండి పుట్టిన యంత్రమున కిప్పుడు చక్రము అరిగిన పారవేయదగినదను గతి పట్టినది.

దీనికి కారణము ప్లాస్టిక్కు. 1954లో ఇటలీదేశపు నట్టా అను శాస్త్రజ్ఞుడు గట్టి పాలీప్రొపిలీనును సిద్ధపరచెను. తరువాత అట్టి ద్రవ్యములను కరగించి అచ్చులో పోసి చక్రములను క్షణములలో తీయుట అలవాటయ్యెను. నాభి, ఆకులు, నేమి అన్నియు ఒక్కటే ముద్ద. తేలిక, చౌక, తుప్పు పట్టదు. ఈ సుగుణములను కాదనరాదు. కాని అతుకులు లేవు. అతుకులేనిదానిలో ఒక భాగమును మార్చుటకు వీలులేదు. ఐదువేల యేండ్లనాటి లుబ్లియానా చక్రమును విప్పవచ్చును. నిన్నటి చక్రమును విప్పలేము.

విప్పలేకున్నను బాగుచేయలేమా? మా అబ్బాయి, "నాన్నగారూ, మీరు శ్రమపడకండి, క్రొత్తది కొందాం" అనెను. ఒక్క ఆదివారము నాకిమ్మంటిని. పదేండ్ల మనుమడు సహాయుడయ్యెను. ముందుగ ఇంజనుకు నిప్పురవ్వనిచ్చు ప్లగ్గు తీగను ఊడదీయించితిని. కత్తిగల యంత్రమునొద్ద ఇది మొదటిపని. చక్రముల నూడ్చి ఇసుకను కడిగితిమి. వదులైన రంధ్రమును బరమాతో సమముగ పెద్దదిచేసి, దానికంటె వెంట్రుకవాసి లావైన ఇత్తడిగొట్టమును, నాభి పొడవున కోసి, చక్కగ బిగించి దింపితిమి. గొట్టము లోపలి కొలత ఇరుసునకు సరిపడవలెను. అంతకంటె వదులు కూడదు. ఇరుసును సగము త్రిప్పి బిగించితిమి. ఇక అంచు. ఈ ప్లాస్టిక్కునకు జిగురు సరిగా పట్టదు. అందుచే పాత సైకిలుటైరును చుట్టుకొలతకు కోసి, అంచుమీద చుట్టి, పొట్టి స్క్రూలతో జానెడేసి దూరమున బిగించితిమి. ప్రక్క చక్రమునకును అట్లే చేసితిమి. ఒకదానికే చేసినచో ఎత్తు మారి గడ్డి వంకరగా తెగును. చక్రమే పగిలియున్నచో ఈ మందు పనిచేయదు, మార్చక తప్పదు. అరిగినది వేరు, విరిగినది వేరు.

పనియైన పిదప చూచుకొనగా మేము క్రొత్తగ చేసినదేమియు లేదు. ఇత్తడిగొట్టము మన బండినాభిలోని ఇనుపగొట్టమే. సైకిలుటైరు వైదికకాలపు పవియే. స్క్రూలతో బిగించిన విధము ఇంగ్లండు తునకలపట్టా విధమే. ఏకఖండమైన చక్రమును మేము మరల భాగముల కూర్పుగ చేసితిమి. ఈసారి అరుగునది గొట్టమును టైరుముక్కయు, చక్రము కాదు. మా అబ్బాయి ఆ యంత్రముతోనే నేటికిని గడ్డి కోయుచున్నాడు.

ఇందులకు నేను సంతోషించితినే గాని గర్వింపలేదు. నాకొక అపరాధమున్నది. మా తండ్రిగారు గతించిన పిదప పాతబండిని తీసివేయనెంచి, ఊరి వృద్ధ వడ్రంగిని పిలిచి చూపితిని. ఆతడు కూర్చుండి, నాభిని చేతికఱ్ఱతో తట్టి, చెవి యొగ్గి విని, "పంతులుగారూ, దీని నడుం ఇంకా గట్టిగానే ఉంది. నాలుగు ఆకులు మార్చుకుంటే మీ అబ్బాయి కాలానిక్కూడా వస్తుంది" అనెను. నేను వినలేదు. చక్రములను కట్టెల ధరకు అమ్మివేసితిని. ఆతడు మారుమాటాడక లేచిపోయెను. రెండేండ్లకు ఆతడును గతించెను. ఆతని కుమారులు పట్టణమున వేరు పనులలో చేరిరి. ఆ తట్టి వినిన చప్పుడులో ఏమి తెలిసెనో అడిగి నేర్చుకొనవలెనని నాకు ఆనాడు తోచలేదు. శాస్త్రములు వల్లించిన చెవికి ఆ నాదము అర్థము కాలేదు. టెక్సస్‌లో చక్రమును చేత పట్టుకొన్నప్పుడు ఆ వృద్ధుడే నా యెదుట నిలిచెను.

ఇప్పుడు లోకము కొంత మేల్కొనుచున్నది. ఫ్రాన్సుదేశమున 2021 జనవరినుండి కొన్ని వస్తువులపై, వానిని బాగుచేయుట ఎంత సులభమో పదింట ఇన్ని మార్కులని అచ్చువేసి అమ్మవలెనని చట్టము వచ్చెను. మొదట ఎన్నుకొన్న ఐదు రకముల వస్తువులలో గడ్డి కోయు యంత్రము ఒకటి. మన దేశమున 2022లో కేంద్రప్రభుత్వపు వినియోగదారుల శాఖవారు మరమ్మతు హక్కును విచారించుటకు సంఘమును నియమించిరి. ఆ విచారణలో వ్యవసాయయంత్రములు చేరియున్నవి. అమెరికాలోని కొలరాడో రాష్ట్రమువారు వ్యవసాయయంత్రములను బాగుచేయుటకు కావలసిన భాగములును వివరములును రైతుకు ఈయవలెనని 2023లో చట్టము చేసిరి. అది 2024నుండి అమలుకు వచ్చినది. మనకు ట్రాక్టరు వచ్చినది, పంపు వచ్చినది. కొనునప్పుడు వెలను అడుగుచున్నాము. ఇది చెడిన ఎవడు బాగుచేయును, భాగములు ఎన్నేండ్లు దొరకునని అడుగుటయు నేర్చుకొందము.

గ్రామపెద్దలకు నాదొక విన్నపము. మీ యూర చక్రము చేసిన చేతులు ఇంకను ఒకటి రెండు మిగిలియుండవచ్చును. వారిని వాకిట గాక అరుగుపై కూర్చుండబెట్టి, మీ మనుమలచేత వారి మాటలను వ్రాయింపుడు. ఏ భాగమునకు ఏ పేరు, ఏ కొయ్య, ఎట్టి కొలత, తట్టిన ఏ చప్పుడు మంచిది, ఏది చెడ్డది, అన్నియు వ్రాయింపుడు. పాతచక్రమొకటి గోడవారగా పడియున్నచో కట్టెలకు అమ్మకుడు. ఒకమారు తట్టి చూడుడు. నడుము ఇంకను గట్టిగనే యుండవచ్చును.